రెండు పొరల నడుమ వెలుగు

నేడు పెక్కు సెల్‌ఫోనుల తెరలపై అక్షరములను వెలిగించుచున్న దీపము తీగ కాగుటవలన పుట్టినది కాదు. వెనుకనుండి వేఱొక దీపపు కాంతిని అరువు తెచ్చుకొన్నదియు కాదు. విద్యుత్తు సోకినంతనే తనంతట తాను ప్రకాశించు కర్బన సమ్మేళనపు పొర యది. ఓలెడ్ అను పొట్టిపేరుతో వ్యవహరింపబడుచున్న యీ సేంద్రియ డయోడు పూర్వచరిత్రలో తెరల ప్రసక్తి చాలకాలము కానరాదు.

1950వ దశకమున ఫ్రాన్సు దేశపు నాన్సీ నగరమున ఆండ్రే బెర్నానోజ్ అను శాస్త్రజ్ఞుడు, ఆక్రిడిన్ ఆరెంజి మొదలగు రంగుద్రవ్యములను సెల్యులోజు పొరలలో ఇమిడ్చి, మిక్కిలి హెచ్చు వోల్టేజిగల ఏకాంతర విద్యుత్తును ప్రయోగించి, వానినుండి కాంతిని రాబట్టెను. పిమ్మట 1963లో న్యూయార్కు విశ్వవిద్యాలయమున మార్టిన్ పోప్, ఆయన సహచరులు, రాతిబొగ్గు తారునుండి లభించు ఆంథ్రసీను స్ఫటికమును ఏకముఖ విద్యుత్తుతోనే వెలిగించిరి. కాని యందులకు 400 వోల్టులు కావలసివచ్చెను. ఒక ధ్రువమునుండి ఎలక్ట్రానులును, రెండవదానినుండి ఎలక్ట్రాను లేని ఖాళీలును, అనగా శాస్త్రజ్ఞులు రంధ్రములనునవియు, లోనికి ప్రవేశించి పరస్పరము కలిసికొన్నచోట కాంతి వెలువడునని 1965లో కెనడాలో హెల్‌ఫ్రిష్, ష్నైడర్ అనువారలు నిరూపించిరి. సిద్ధాంతము అంతటితో ఇంచుమించు సిద్ధమైనట్లే. అయినను, స్ఫటికము దళసరియైనకొలది ఆవేశములను నడిపించుటకు వోల్టేజి పెంచక తప్పదు గనుక, ఆ దీపము ప్రయోగశాల గడప దాటలేదు.

దాటించినవాడు చింగ్ టాంగ్. 1947లో హాంకాంగున జన్మించి, అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, 1975లో రోచెస్టరు నగరమందలి కోడక్ సంస్థలో చేరిన యీతడు మొదట సాధింపబూనినది దీపము కాదు, సౌరఘటము. రెండు వేర్వేరు కర్బన పదార్థములను పలుచని పొరలుగా ఒకదానిపై నొకటి పఱచినచో, సూర్యరశ్మి పుట్టించిన ఆవేశములు ఆ రెంటి సరిహద్దున చక్కగా విడిపోవునని ఆయన కనుగొనెను. ఆ క్రియను తలక్రిందులు చేసి, ఆవేశములను బయటినుండి పంపి, అట్టి సరిహద్దుననే కలిపినచో వెలుగు రాదా? ఫొటో ఫిలిములపై రంగుల పొరలు పూయుటయే వృత్తిగాగల సంస్థలో ఇట్టి యూహ పండుట నాకు వింతగా తోచదు.

టాంగ్, ఆయన సహచరుడు స్టీవెన్ వాన్ స్లైక్, 1987లో ప్రకటించిన వ్యాసమున ఆ దీపపు నిర్మాణమును వర్ణించిరి. గాజుపై పారదర్శకమైన ఇండియం టిన్ ఆక్సైడు. దానిపై రంధ్రములను సులభముగా సాగనిచ్చు డయమీను పొర 75 నానోమీటర్లు. ఆపైన ఎలక్ట్రానులను సాగనిచ్చుచు వెలుగునిచ్చు పొర 60. చివరకు మెగ్నీషియం, వెండి కలిసిన లోహపు పూత. కర్బన భాగమంతయు కలిపినను వెండ్రుక మందములో సుమారు ఐదువందలవ వంతే! ఎలక్ట్రానులను సులువుగా నిచ్చునది మెగ్నీషియమే. అది పొరకు గట్టిగా అంటుకొనుటకు వెండి తోడ్పడెను. ఇక వెలుగునిచ్చు పదార్థమో, అల్యూమినియము ఆక్సీనుతో కూడగా ఏర్పడు సంశ్లిష్టము: అల్యూమినియమును అవక్షేపించి తూచుటకు విశ్లేషణ రసాయనజ్ఞులు అంతకు ఎన్నియో యేండ్లనుండి వాడుచున్న పాతసరుకు. ఈ పరిశోధనలోని ప్రతిభ, నా దృష్టిలో, పదార్థపు క్రొత్తదనమున లేదు. కాంతిని చంపివేయు లోహపు పూతకు దూరముగా, రెండు పొరల హద్దు చెంత ఆవేశములు కలియునట్లు ఏర్పఱచిన అమరికలో నున్నది. 10 వోల్టులకు లోబడియే పచ్చని వెలుగు చదరపు మీటరుకు 1000 క్యాండెలాలు మించెను.

తరువాతి కథ త్వరితముగా నడచినది. 1990లో కేంబ్రిడ్జి పరిశోధకులు పాలిమరును వెలిగించిరి. 1997లో పయొనీరు సంస్థ కారు ఆడియోకు ఓలెడ్ తెర నమర్చెను. 2007లో సోనీ 11 అంగుళముల టెలివిజనును విపణిలోనికి తెచ్చెను. కోడక్ మాత్రము 2009లో ఈ వ్యాపారమును ఎల్‌జీ వర్గమునకు అమ్ముకొని, 2012లో దివాలా రక్షణ కోరెను.

ఇక దీపపు లోపముల మాట. ఆవేశములు కలియుటవలన పుట్టు ఉత్తేజిత స్థితులలో నాల్గింట మూడు పాళ్లు సాధారణ అణువులయందు వెలుగక వ్యర్థమగుచుండెను. 1998లో ఫారెస్ట్, థాంప్సన్ అను శాస్త్రజ్ఞుల బృందము ప్లాటినముగల అణువుతోను, పిమ్మట ఇరీడియముగల వానితోను ఆ నష్టమును పూరించు మార్గము చూపగా, ఎఱుపు, పచ్చ తెరలు దానివలన బాగుపడినవి. నీలికాంతికి హెచ్చు శక్తి కావలెను. ఆ శక్తియే నీలిరంగు అణువుల బంధములను త్రెంచుచుండుటచే, వాని ఆయుర్దాయము పెంచుట నేటికిని పదార్థశాస్త్రజ్ఞులకు తీరని పనిగానే యున్నది.