ఎవరి గెడ్డం వాళ్ళే

1769లో పారిస్‌లో జాఁ జాక్ పెరె అనే కత్తుల తయారీదారు ఒక పుస్తకం అచ్చువేశాడు. పేరు ‘పోగొనోటమీ’. తన గెడ్డం తానే గీసుకోవడం నేర్చుకునే కళ అని దానికో ఉపశీర్షిక. ఇంత చిన్న పనికి పుస్తకమెందుకు అనిపిస్తుంది. కానీ అప్పటికి అక్కడి పెద్దమనుషులకి గెడ్డం ఇంకొకరి చేత గీయించుకునేదే. మా నరసన్నపేటలో తాతల తరం దాకా అంతే. కాకపోతే పారిస్‌లో ఆ ‘ఇంకొకరు’ ఒక వృత్తి సంఘం మనిషి, మా ఊళ్ళో ఒక కులం మనిషి.

ఇప్పుడు మడతకత్తితో గీసుకోవడం నగరాల్లో కుర్రాళ్ళకి ఒక ముచ్చట. జర్మనీలోని జోలింగెన్‌లో చేసిన కత్తి, తోలుపట్టీ, బ్రష్షు, పటిక బిళ్ళ. నేనూ ఆ మోజులోనే కత్తి కొన్నాను. నేర్చుకున్నది మాత్రం వీడియోలు చూసి కాదు. ఊరెళ్ళినప్పుడు, నలభై ఏళ్ళు సెలూన్ నడిపి మానేసిన ఒక పెద్దాయన దగ్గర. నేను ఆయన్ని మావయ్యా అంటాను, ఆయన నన్ను బాబూ అంటాడు. మా తాత మాత్రం ఈయన తండ్రిని ‘ఒరే’ అనే పిలిచేవాడు. ఆ తండ్రి మా తాతని ‘బాబుగోరు’ అనేవాడు.

మొదటి వారం ఆయన కత్తిని నా మొహం దగ్గరికి రానివ్వలేదు. తోలు మీదే లాగించాడు. సానరాయి ఇనుమును అరగదీసి పదును తెస్తుంది. తోలు అరగదియ్యదు, వాడకంలో అటూఇటూ వంగిన సన్నటి అంచుని మళ్ళీ నిలబెడుతుంది. రాయి మీద కత్తి వెన్ను, అంచు రెండూ ఆనాలి. అందుకే ఏ కోణంలో నూరాలో మనం లెక్క కట్టక్కర్లేదు, కత్తి వెడల్పే అది నిర్ణయిస్తుంది. తోలు మీద వెన్ను ముందు నడవాలి, అంచు వెనక రావాలి. తిరగేస్తే తోలు తెగుతుంది. ఇక మొహం మీద కత్తి వంపు దాదాపు ముప్పై డిగ్రీలు. అంతకంటే పడుకోబెడితే వెంట్రుక పీక్కుపోతుంది, నిలబెడితే చర్మం తెగుతుంది. ఖాళీగా ఉన్న చెయ్యి చర్మాన్ని బిగలాగి పట్టాలి. ముందు వెంట్రుక వాలిన వైపు, తర్వాతే ఎదురు.

“తొయ్యకు బాబూ. దాని బరువు దానికుంది. నీ సెయ్యి తోవ సూపితే సాలు,” అనేవాడు.

ఆయన పదేళ్ళ వయసులో నేర్చుకున్నాడట. వాళ్ళ నాన్న తన చెంపే ఇచ్చేవాడు. “నువ్వు కోసుకుంటే నీకే మంట. మాకు అలక్కాదు. ఊళ్ళో పెద్దలికి గాటడితే మా ఇంట్లో అందరికీ మంటే.”

ఆ మాటలో ఒక చరిత్ర ఉంది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద వేసిన ఏడు సంపుటాల్లో మంగలి కులం గురించి రాసిన పేజీలున్నాయి. క్షవరంతో పాటు మేళం వాయించేవాళ్ళు, పుళ్ళు కోసి మందు వేసేవాళ్ళు వాళ్ళే. వాళ్ళ ఆడవాళ్ళు పురుడు పోసేవాళ్ళు. ఒక మనిషి పుట్టినప్పుడూ, పెళ్ళిలోనూ, చావులోనూ వాళ్ళ చెయ్యి పడాల్సిందే. ఇంత పనికీ కూలి రోజువారీ డబ్బు కాదు, పంట కళ్ళంలో కొలిచే మేర. కొలిచేది రైతు. ఎంత కొలిస్తే అంత.

ఆ చేతికి బలమూ లేకపోలేదు. రాజు మెడ మీద కత్తి పెట్టగలిగేవాడు మంగలి ఒక్కడే కదా! విజయనగరంలో సదాశివరాయలు పేరుకి రాజు, పెత్తనమంతా అళియ రామరాయలది. ఆ రోజుల్లో, అంటే 1540ల్లో, బాదామికి చెందిన కొండోజు అనే క్షురకుడు రామరాయల్ని తన పనితో మెప్పించి, కులం మొత్తానికి పన్నులూ వెట్టీ తీసేయించాడు. ఆ సంగతి చెప్పే శాసనాలు కన్నడ సీమలోనూ తెలుగు సీమలోనూ దొరికాయి. మా కళింగం ఆ రాజ్యంలో లేదు కాబట్టి ఆ ఊరట మా వైపు రాలేదు. అయినా ఆ శాసనాలు చదివినప్పుడు నాకు రాయల ఔదార్యం కంటే ముందు, అంతకుముందు ఆ వెట్టి ఉండేదన్న సంగతే కనబడుతుంది.

దీనికి రెండో వైపు ఉంది. కత్తి పట్టేవాడికి ఎవరి గెడ్డం గీయాలో ఎంచుకునే వీలు లేదు, ఎవరిది గీయకూడదో ఊరే చెప్పేది. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో తెల్ల మంగలి జుట్టు కత్తిరించనంటే గాంధీ మెషీను కొనుక్కుని అద్దం ముందు తానే కత్తిరించుకున్నాడు. కోర్టులో స్నేహితులు నవ్వారు. తన ఆత్మకథలో ఆ మంగలిని తప్పుపట్టలేదు ఆయన. మన దేశంలో మన మంగళ్ళని అంటరానివాళ్ళకి పని చెయ్యనివ్వం కదా, దాని ఫలితమే ఇది అనుకున్నాడు. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేర చట్టంలో ఇలా సేవ నిరాకరించడాన్ని నేరంగా చేర్చాల్సి వచ్చింది.

ఈ ముడిని వదులు చేసినవాటిలో ఒక చిన్న రేకు ముక్క ఉంది. జిలెట్ కంపెనీ 1903లో అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కోసం 35 లక్షల రేజర్లు కొంది. ఆ తర్వాత మన దగ్గర భారత్, టోపాజ్ బ్లేడ్లు కిరాణా కొట్లలోకి వచ్చాయి. ఎవరి గెడ్డం వాళ్ళు గీసుకోవడం మొదలైంది. నరసన్నపేట లాంటి రోడ్డు పక్క టౌనులో సెలూన్లు లేచాయి. అక్కడ మేర లేదు, గోడకి రేట్ల బోర్డు ఉంది. ఇంటింటికీ పొది పట్టుకుని తిరిగినవాడి కొడుకు తన కొట్లో తను కూచున్నాడు, జనమే అతని దగ్గరికొచ్చారు.

1986లో చెన్నైలో మన దేశపు తొలి హెచ్‌ఐవీ కేసులు బయటపడ్డాయి. ఆ తర్వాత ‘కొత్త బ్లేడు వెయ్యమని అడగండి’ అన్న ప్రచారం ఊరూరా చేరింది. బ్లేడుని రెండుగా విరిచి పిడిలో బిగించే కత్తి వచ్చింది. సానరాయి, తోలు, నూరడంలో నేర్పు అన్నీ కొన్నేళ్ళలోనే అక్కర్లేకుండా పోయాయి.

“మీ నాన్నగారి కత్తి ఉందా మావయ్యా?” అని అడిగాను, చూడాలని ఆశపడి.

“ఏటి సేసుకుంటాం? పాత ఇనప సామానోడికి ఏసేసేను.”

ఆయన గొంతులో బాధ లేదు. నాకే బాధేసింది. ఆ బాధ ఎక్కడిదా అని తర్వాత చాలాసేపు ఆలోచించాను. నా చేతిలో ఆ కత్తి అభిరుచి. నచ్చినన్నాళ్ళు పట్టుకుని, విసుగొస్తే సొరుగులో పడెయ్యచ్చు. వాళ్ళ చేతిలో అదే కత్తి ఒక తిట్టయింది. కులం పేరుతో నాయీబ్రాహ్మణుల్ని కించపరచకూడదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈమధ్య కాలంలో ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. పోయిన కళ కోసం దిగులు పడడం, దాన్ని ఎప్పుడూ బలవంతంగా చెయ్యాల్సిరానివాళ్ళకి తేలిక.

అలాగని నేర్చుకోవడం మానెయ్యలేదు. ఆ చేతి తెలివి నిజంగా గొప్పది, అది ఎవరిదో గుర్తుంచుకుని నేర్చుకోవచ్చు. ఆఖరి రోజు ఎంతివ్వమంటారని అడిగాను. మొహమాటపడతాడనుకున్నాను. పడలేదు. రోజుకి రెండొందలు లెక్క కట్టి చెప్పాడు. నోట్లు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకుంటూ, “గీసినందుకు సానా మంది ఇచ్చేరు బాబూ. నేర్పినందుకు ఇచ్చినోడివి నువ్వే,” అన్నాడు.