తెలుగునాట స్త్రీల ఓటు హక్కు

తెలుగు మాట్లాడే ప్రాంతాలలో స్త్రీలకు ఓటు హక్కు ఒకే రోజున, ఒకే చట్టంతో రాలేదు. మద్రాసు రాష్ట్రంలో భాగంగా ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాలలో ఆస్తిగల కొద్దిమంది స్త్రీలకు 1921లో ఈ హక్కు లభించింది. నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో 1950 వరకు లేదు, ఆ తరువాత ఒక్కసారిగా వయోజన స్త్రీలందరికీ వచ్చింది. "స్వాతంత్ర్యంతో పాటు మన స్త్రీలకు ఓటు వచ్చింది" అని విద్యార్థులు పరీక్షలలో వ్రాయడం పరిపాటి. అది సగం మాత్రమే నిజం.

ఈ చరిత్రలో మొదటి నుండి చివరి వరకు ఒక ప్రశ్న వెన్నంటి వచ్చింది: స్త్రీ ఎవరి పేరు మీద ఓటరు అవుతుంది? తన ఆస్తి పేరు మీదనా, భర్త పేరు మీదనా, లేక తన పేరు మీదనేనా?

అంతర్జాతీయ నేపథ్యం

దేశమంతటికీ వర్తించేలా స్త్రీలకు ఓటు ఇచ్చిన మొదటి దేశం న్యూజిలాండ్ (1893). అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఈ ఉద్యమం 1848లో న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఫాల్స్ సభతో రూపు దిద్దుకుంది. 1872 అధ్యక్ష ఎన్నికలలో ఓటు వేసిన నేరానికి సూసన్ బి. ఆంథోనీ అరెస్టయింది, న్యాయస్థానం ఆమెకు జరిమానా విధించింది. ఆమె 1906లో మరణించింది. 1920 ఆగస్టు 18న టెన్నెసీ రాష్ట్ర ఆమోదంతో 19వ రాజ్యాంగ సవరణకు కావలసిన సంఖ్య పూర్తయి, లింగభేదాన్ని బట్టి ఓటు నిరాకరించరాదన్న నియమం అమలులోకి వచ్చింది. సెనెకా ఫాల్స్ సభ నాటి నుండి లెక్కిస్తే ఇందుకు 72 సంవత్సరాలు పట్టింది. బ్రిటన్‌లో 1918లో 30 ఏళ్ళు నిండిన స్త్రీలకు కొన్ని ఆస్తి నియమాలతో ఓటు ఇచ్చారు. పురుషులతో సమానంగా ఇచ్చింది 1928లో.

మద్రాసు శాసనసభ స్త్రీలపై నిషేధాన్ని తొలగించింది 1921 ఏప్రిల్ 1న. అంటే అమెరికా సవరణకు ఎనిమిది నెలలు నిండక ముందే.

మదనపల్లె నుండి మద్రాసుకు

భారతదేశంలో స్త్రీల ఓటు కోరికను కాగితం మీద పెట్టిన వారిలో ముఖ్యురాలు మార్గరెట్ కజిన్స్ (1878-1954). ఐర్లండ్‌లో పుట్టిన ఈమె అక్కడి స్త్రీల ఓటు ఉద్యమంలో పాల్గొని లండన్‌లోను, ఐర్లండ్‌లోను జైలుశిక్ష అనుభవించింది. 1915లో భర్త జేమ్స్ కజిన్స్‌తో కలిసి భారతదేశానికి వచ్చింది. ఆ తరువాత జేమ్స్ కజిన్స్ రాయలసీమలోని మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో అధ్యాపకుడుగా పనిచేయడంతో ఆ దంపతులు కొన్నేళ్ళు మదనపల్లెలో నివసించారు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడ బస చేసినప్పుడు జనగణమన గీతానికి స్వరలిపి కూర్చడంలో తోడ్పడింది ఈమెయే. మదనపల్లె పేరు చెప్పగానే ఆ గీతం గుర్తుకు వస్తుంది గాని, ఓటు ఉద్యమంతో ఆ ఊరికి గల సంబంధాన్ని తలచేవారు తక్కువ.

1917లో మద్రాసు అడయారులో భారత మహిళా సంఘం ఏర్పడింది. అనీ బిసెంట్, డొరతీ జినరాజదాస, మార్గరెట్ కజిన్స్ దాని నిర్మాతలలో ముఖ్యులు. అదే సంవత్సరం డిసెంబరులో బ్రిటిష్ ప్రభుత్వ భారత వ్యవహారాల మంత్రి ఎడ్విన్ మాంటేగు మద్రాసు వచ్చినప్పుడు ఒక మహిళా ప్రతినిధి వర్గం ఆయనను కలిసింది. దానికి నాయకత్వం వహించినది సరోజినీ నాయుడు.

హైదరాబాదులో 1879లో జన్మించిన సరోజినీ దేవి బెంగాలీ కుటుంబానికి చెందినది. ఆమె భర్త డాక్టర్ గోవిందరాజులు నాయుడు తెలుగువాడు. నాంపల్లి ప్రాంతంలోని వారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదట ప్రారంభమైనది ఆ భవనంలోనే. మాంటేగు ముందు ఆ వర్గం కోరినది సంక్లిష్టమైన విషయం కాదు: రానున్న సంస్కరణలలో 'ప్రజలు' అని వ్రాసిన చోట స్త్రీలను కూడా లెక్కలోకి తీసుకోవాలని, ఏ అర్హతపై పురుషునికి ఓటు ఇస్తారో అదే అర్హతపై స్త్రీకీ ఇవ్వాలని.

ఆ కోరిక వెంటనే నెరవేరలేదు. 1918లో వెలువడిన మాంటేగు-చెమ్స్‌ఫర్డు నివేదికలో స్త్రీల ఓటు ప్రసక్తి లేదు. సౌత్‌బరో కమిటీ దేశమంతా తిరిగి, ఇక్కడి సామాజిక పరిస్థితులలో అది తొందరపాటు అవుతుందని తేల్చింది. 1919లో సరోజినీ నాయుడు, అనీ బిసెంట్, బొంబాయికి చెందిన హీరాబాయి టాటా, ఆమె కుమార్తె మిథాన్ లండన్ వెళ్ళి పార్లమెంటు సంయుక్త కమిటీ ఎదుట సాక్ష్యం ఇచ్చారు. చివరకు 1919 భారత ప్రభుత్వ చట్టం ఈ విషయాన్ని తేల్చకుండా ఆయా రాష్ట్రాల శాసనసభలకు వదిలివేసింది. నిషేధాన్ని తొలగించదలచిన సభ ఒక తీర్మానం చేసుకోవచ్చును.

1921 తీర్మానం, దాని పరిమితి

1921 ఏప్రిల్ 1న మద్రాసు శాసనసభలో దివాన్ బహదూర్ ఎం. కృష్ణన్ నాయర్ ప్రవేశపెట్టిన తీర్మానం పెద్ద ఆధిక్యతతో నెగ్గింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాలలో ఇదే మొదటిది. అదే ఏడు బొంబాయి అనుసరించింది. బెంగాలు 1921లో తిరస్కరించి 1925లో ఒప్పుకుంది. శ్రీకాకుళం మొదలు చిత్తూరు వరకు, కోస్తా నుండి అనంతపురం, బళ్ళారి వరకు గల తెలుగు జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే కనుక ఈ తీర్మానం వాటికీ వర్తించింది. 1923 శాసనసభ ఎన్నికలలో ఆ జిల్లాల స్త్రీలు తొలిసారి ఓటు వేయగలిగారు.

అమెరికాలో ఏడు దశాబ్దాలు పట్టినది ఇక్కడ నాలుగేళ్ళలో ఎలా సాధ్యమైంది? సభ్యుల ఉదారత, జాతీయోద్యమ ప్రభావం కొంతవరకు కారణాలు. మరొక కారణాన్ని కూడా దాచనవసరం లేదు: ఈ తీర్మానం వలన నిజంగా ఓటరయ్యే స్త్రీలు చాలా కొద్దిమంది. అప్పటి ఓటు భూమిశిస్తు, పురపాలక పన్ను, ఆదాయపు పన్ను వంటి అర్హతలపై ఆధారపడి ఉండేది. 1920లో దాదాపు 4 కోట్ల జనాభా గల మద్రాసు రాష్ట్రంలో ఓటర్లు సుమారు 12.5 లక్షలు మాత్రమే. పురుషులలోనే అత్యధికులకు ఓటు లేదు. ఇక పట్టా తన పేరున ఉండి శిస్తు కట్టే స్త్రీ ఎక్కడ? ఉమ్మడి కుటుంబపు భూమి తండ్రి పేరునో, భర్త పేరునో, కొడుకు పేరునో ఉండేది. పొలంలో నాట్లు వేసి, కలుపు తీసి, కుప్ప నూర్చిన చేతులకు ఆ పొలం వలన వచ్చే ఓటు లేదు. జమీందారిణులు, ఆస్తిగల వితంతువులు, పట్టణాలలో సొంత ఇల్లు గల కొందరు స్త్రీలు మాత్రమే జాబితాకెక్కారు.

(కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమాన హక్కు ఇచ్చే చట్టం ఆంధ్ర ప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించింది. ఓటు తరువాత ఆస్తికి పట్టిన కాలం ఇది.)

శాసనసభలో స్త్రీలు

ఓటు వేసే హక్కు, పోటీ చేసే హక్కు రెండూ కలిసి రాలేదు. సభ్యత్వానికి అడ్డు 1926లో తొలగింది. ఆ ఏడాది మంగుళూరు ప్రాంతం నుండి పోటీ చేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ కొద్ది తేడాతో ఓడిపోయింది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి నామినేషను ద్వారా సభ్యురాలై, 1927లో సభకు ఉపాధ్యక్షురాలైంది. దేవదాసీ వ్యవస్థకు వ్యతిరేకంగా ఆమె చేసిన కృషి తెలుగు జిల్లాలకు కూడా వర్తించింది.

తెలుగు మహిళలలో ఈ విషయమున మొదట చెప్పదగినది ఆచంట రుక్మిణీ లక్ష్మీపతి (1892-1951). ఈమె ఆయుర్వేద పండితుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి భార్య. 1926లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ స్త్రీల ఓటు హక్కు మహాసభకు హాజరైంది. 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టయింది. 1937 ఎన్నికలలో గెలిచి మద్రాసు శాసనసభకు ఉపసభాపతి అయింది. అప్పుడు సభాపతి బులుసు సాంబమూర్తి. ఆ విధంగా సభలోని రెండు ఉన్నత పీఠాలనూ తెలుగువారే అలంకరించారు. 1946లో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలో ఆమె ఆరోగ్యశాఖ మంత్రిగా పనిచేసింది.

భార్య అనే అర్హత

1935 భారత ప్రభుత్వ చట్టం స్త్రీ ఓటర్ల సంఖ్యను దేశంలో సుమారు 60 లక్షలకు పెంచింది. ఈ పెరుగుదలకు మూలం రెండు కొత్త అర్హతలు: చదువు, వ్రాత వచ్చి ఉండడం ఒకటి, తగిన ఆస్తి గల పురుషునికి భార్య అయి ఉండడం రెండవది.

రెండవ అర్హతను మహిళా సంఘాలు సంతోషంగా స్వీకరించలేదు. అఖిల భారత మహిళా సభ, భారత మహిళా సంఘం మున్నగు సంస్థలు 1931లోనే సంయుక్త వినతిపత్రంలో వయోజనులందరికీ ఓటు కోరాయి. స్త్రీలకు ప్రత్యేక స్థానాలు వద్దని, వివాహం ఓటుకు అర్హత కారాదని వాదించాయి. భర్త ఆస్తిని చూసి ఇచ్చే ఓటు భార్యకు ఇచ్చినట్లా, భర్తకు రెండవ ఓటు ఇచ్చినట్లా అన్నది వారి అనుమానం. అది న్యాయమైన అనుమానమే. అయితే ఆ అర్హతే లేకుంటే 1937లో ఓటు వేసిన స్త్రీల సంఖ్య ఇంకా ఎంతో తగ్గేదన్నదీ నిజమే. వారి ఆక్షేపణను ఆనాటి ప్రభుత్వం పట్టించుకోలేదు.

హైదరాబాదు సంస్థానం

సరోజినీ నాయుడు లండన్‌లో వాదించి, మద్రాసు స్త్రీలకు ఓటు వచ్చిన కాలంలో ఆమె సొంత ఊరైన హైదరాబాదులో స్త్రీలకు కాదు, పురుషులకు కూడా ప్రజాప్రతినిధులను ఎన్నుకొనే సభ లేదు. 1939లో ప్రకటించిన సంస్కరణలు వృత్తులు, వర్గాల వారీ ప్రాతినిధ్యంతో కూడినవి. వాటి అమలు 1946 వరకు సాగలేదు.

ఐనను సభలు జరగకపోలేదు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగినప్పుడు, దానితో పాటు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. అక్కడి ప్రధాన చర్చ బాలికల చదువు, బాల్య వివాహాల వంటి విషయాలపైన. ఓటు అనేది అప్పటికి చాలా దూరం. 1946-51 మధ్య తెలంగాణ సాయుధ పోరాటంలో భూమి కోసం, వెట్టి నుండి విముక్తి కోసం స్త్రీలు ముందు నిలిచారు. 1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియనులో విలీనమైంది. 1949 నవంబరులో నిజాం ఫర్మానా ద్వారా భారత రాజ్యాంగాన్ని అంగీకరించాడు.

ఆ విధంగా తెలంగాణ స్త్రీలకు పన్ను అర్హత, చదువు అర్హత, భార్య అర్హత అనే మెట్లేవీ లేకుండా ఒకేసారి పూర్తి హక్కు లభించింది. ఆలస్యమైనా అరకొరగా రాలేదు.

రాజ్యాంగం, 1952 ఎన్నికలు

రాజ్యాంగ సభలో 15 మంది స్త్రీలు సభ్యులుగా పనిచేశారు. వారిలో మద్రాసు నుండి ఎన్నికైన తెలుగు మహిళ జి. దుర్గాబాయి (తరువాత దుర్గాబాయి దేశ్‌ముఖ్). 1909లో రాజమండ్రిలో జన్మించిన ఈమె ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు. రాజ్యాంగంలోని 325వ అధికరణం మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ ఓటర్ల జాబితా నుండి మినహాయించరాదని, 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు ఉండాలని నిర్దేశించాయి. మొదట వయసు 21 సంవత్సరాలు. 61వ సవరణతో 1989 నుండి 18కి తగ్గింది.

1951-52 తొలి సార్వత్రిక ఎన్నికల జాబితా తయారీలో విచిత్రమైన చిక్కు ఎదురైంది. చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. "ఫలానావారి భార్య", "ఫలానావారి తల్లి" అని మాత్రమే వ్రాయించారు. ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ అటువంటి నమోదును అంగీకరించలేదు. పేరు చెప్పని సుమారు 28 లక్షల మందిని జాబితా నుండి తొలగించారు. వీరిలో అత్యధికులు బీహారు, ఉత్తర ప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారత్ మొదలగు ఉత్తరాది రాష్ట్రాలవారు. తెలుగు జిల్లాలలో ఈ చిక్కు అంత పెద్దది కాదు. భర్త పేరు పలకడానికి సంకోచించే ఇల్లాళ్ళు మన పల్లెలలోనూ ఉండేవారు గాని, తన పేరు చెప్పడానికి అడ్డు లేదు. కమిషనర్ నిర్ణయం ఆనాటికి కఠినంగా తోచినా, స్త్రీ తన పేరుతోనే ఓటరు కావాలన్న సూత్రాన్ని అది స్థిరపరచింది.

1952 ఎన్నికలలో హైదరాబాదు శాసనసభకు ఆలేరు నుండి ఆరుట్ల కమలాదేవి, బాన్సువాడ నుండి సంగం లక్ష్మీబాయి, పాతబస్తీలోని శాలిబండ నుండి మాసూమా బేగం ఎన్నికయ్యారు. ఒకరు సాయుధ పోరాటం నుండి, ఒకరు కాంగ్రెసు ఉద్యమం నుండి, మరొకరు ముస్లిం మహిళల సంఘసేవ నుండి వచ్చినవారు. రాజ్యాంగ రచనలో పాల్గొన్న దుర్గాబాయి మాత్రం అదే ఎన్నికలలో లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయింది. సరోజినీ నాయుడు ఈ ఎన్నికలను చూడలేదు. ఆమె 1949 మార్చి 2న మరణించింది.

తరువాతి పరిణామాలు

స్త్రీల ఓటు ప్రభుత్వాన్ని కదిలించగలదని ఆంధ్ర ప్రదేశ్‌లో స్పష్టంగా తెలిసినది సారా వ్యతిరేక ఉద్యమంతో. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వెళ్ళిన స్త్రీలు మొదలుపెట్టిన ఈ ఉద్యమం 1992లో రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 ఎన్నికలలో సంపూర్ణ మద్యనిషేధం వాగ్దానం చేసిన ఎన్. టి. రామారావు అధికారంలోకి వచ్చి 1995 జనవరిలో దానిని అమలు చేశాడు. 1997లో ఆ నిషేధం సడలిపోయింది.

ప్రాతినిధ్యం విషయంలో 1986 నాటి మండల వ్యవస్థ మండలాధ్యక్ష పదవులలో 9 శాతం స్త్రీలకు కేటాయించింది. 73వ రాజ్యాంగ సవరణ (1993 నుండి) దీనిని మూడవ వంతుకు, 2011 నాటి రాష్ట్ర చట్టం సగానికి పెంచాయి. శాసనసభ, లోక్‌సభ స్థానాలలో మూడవ వంతు కేటాయించే 106వ సవరణకు 2023లో పార్లమెంటు ఆమోదం లభించింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగిన తరువాతనే అమలు అని ఆ సవరణలోనే వ్రాశారు.

బోరబండ

హైదరాబాదులోని బోరబండ జూబ్లీహిల్స్ శాసనసభ నియోజకవర్గంలోనిది. 2008 పునర్విభజనలో ఏర్పడిన ఈ నియోజకవర్గంలో సంపన్నుల బంగళాలు, సినిమా రంగం వారి నివాసాలు ఒక వైపు, జిల్లాల నుండి వచ్చి స్థిరపడిన కూలీలు, ఇంటిపనివారు, చిన్న ఉద్యోగులు ఉండే బస్తీలు మరొక వైపు ఉన్నాయి. 1921 నియమాలే కొనసాగి ఉంటే కొండమీది బంగళా యజమానురాలికి ఓటు ఉండేది, ఆమె ఇంట పనిచేసి సాయంత్రం బోరబండకు తిరిగివచ్చే స్త్రీకి ఉండేది కాదు. 2025 నవంబరు 11న ఇక్కడ ఉపఎన్నిక జరిగినప్పుడు సుమారు 4 లక్షల ఓటర్లలో స్త్రీలు పురుషులకంటే కొంత తక్కువ. పోలైన ఓట్లు మొత్తంలో సగానికి చేరలేదు. అద్దె ఇల్లు మారినప్పుడల్లా జాబితాలో పేరు వెదుక్కోవలసి రావడం ఇటువంటి బస్తీలలో నేటికీ ఉన్న ఇబ్బంది. ఆ జాబితాలో స్త్రీ పేరు మొదట ఉంటుంది, దాని కింద తండ్రి పేరో, భర్త పేరో ఉంటుంది.