వోచరు

లాటినునందు పిలుచుట యను నర్థముగల క్రియనుండి పుట్టి, ఫ్రెంచిమీఁదుగా ఇంగ్లండు న్యాయస్థానములఁ జేరిన ఈ మాట, భూమిహక్కు వివాదగ్రస్తమైనప్పుడు దానికిఁ బూచీపడినవానిని సభకు రప్పించుటను మొదటఁ దెలిపెడిది. సంస్కృతపు వాక్కు దీనికి దూరపుఁ జుట్టమే. కాలక్రమమున వ్యయమునకు సాక్షియగు కాగితమైనది. మన కచేరీ గుమాస్తా లెఱిఁగిన వోచరు ఇదియే, రూకలు చెల్లిన పిమ్మట ఫైలునఁ జేరునది.

బడి వోచరు దీనికి విలోమము. ఖర్చునకు ముందే చేతి కందును. ప్రభుత్వము విద్యకు ధన మీయవలసినదే కాని బడులను తానే నడుపనక్కఱలేదని, ఆ ధనముతోఁ దల్లిదండ్రులే బడి నేఱుకొనవచ్చునని 1955లో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ వాదించెను. 1990లో అమెరికాలోని మిల్వాకీ నగరమున నిది పేదపిల్లలకై ఆచరణకు వచ్చినది. మతసంస్థల బడులకు ప్రజాధనము చేరవచ్చునా యను తగవును 2002లో, క్లీవ్‌లాండు వ్యాజ్యమందు, అచటి సుప్రీంకోర్టు ఐదుగురు నలుగురుగాఁ జీలి, చేరవచ్చుననియే తీర్చెను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశపు పల్లెలలో 2008లో ఇట్టి వోచరులను ప్రయోగముగా లాటరీ తీసి పంచిరి. నాలుగేండ్లకుఁ జూడఁగా, వోచరు దక్కినవారికిని దక్కనివారికిని తెలుఁగున, లెక్కలలో భేదము కానరాలేదు. హిందీలో మాత్రము దక్కినవారు ముందుండిరి. ప్రైవేటు బడులు తెలుఁగునకు, లెక్కలకుఁ దక్కువ కాలము వెచ్చించి హిందీకిఁ గొంత మిగిల్చినవి. పైగా వాని తలసరి వ్యయము సర్కారు బడులదానిలో మూఁడవవంతైనను లేదు; ఉపాధ్యాయుల స్వల్పజీతములే ఇందులకు ముఖ్యకారణ మగుటచే, దీనిని కేవలము పొదుపని మెచ్చుటకు నాకు నోరాడదు.