ఎండను లోనికి పిలిచిన ఇండ్లు

చలికాలపు ప్రొద్దుటివేళ అరుగుమీద కూర్చుండి నీరెండకు చలి కాచుకొనని పల్లెటూరివాడుండడు. పగలంతయు ఎండ పడిన రాతి అరుగు చీకటిపడిన తరువాత గూడ చాలసేపు వెచ్చగా తగులునన్న సంగతియు వానికి తెలియును. ఎండ వచ్చుచోటు ఎరుగుట, వచ్చిన వేడిని నిలుపు పదార్థము నెరుగుట, ఈ రెండే సౌరగృహ నిర్మాణమునకు మూలము. యంత్రము, పంకా, గొట్టము ఏదియు లేకుండ గోడలు, కిటికీలు, కప్పు అమరిన తీరుచేతనే ఇంటిని వెచ్చగా నుంచు పద్ధతిని నేడు ‘పాసివ్ సోలార్’ అని వ్యవహరించుచున్నారు. పేరు క్రొత్తది, పని మాత్రము రెండువేల నాలుగువందల యేండ్ల నాటిది.

ఉత్తర గ్రీసుదేశమున ఒలింథసు అను పట్టణముండెను. క్రీ.పూ. 432లో సముద్రతీరపు ఊళ్లవారనేకులు అచ్చటికి తరలివచ్చుటచే ఉత్తరపు మిట్టమీద ఒక క్రొత్తపేట వెలసెను. క్రీ.పూ. 348లో అలెగ్జాండరు తండ్రియగు ఫిలిప్పు ఆ పట్టణమును నేలమట్టము చేసెను. తరువాత అచ్చట పెద్ద ఊరేదియు లేవకపోవుటచే ఇండ్ల పునాదులు ఉన్నవి ఉన్నట్లే మిగిలిపోయెను. పట్టణమునకు కీడైనది చరిత్రకారునికి మేలైనది. 1928లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ రాబిన్సన్ అచ్చట త్రవ్వకము లారంభించి నూరుకు పైగా ఇండ్ల పునాదులను వెలికితీసెను.

ఆ పేటలో ఇండ్ల బారులు తూర్పు పడమరలుగా సాగును. వీధికిని వీధికిని నడుమ పది ఇండ్లు. ఐదేసి చొప్పున రెండు వరుసలు. ఆ వరుసల మధ్య నీరు పోవుటకు ఒక సన్నని సందు. ఒక్కొక్క ఇల్లు ఇంచుమించు 17 మీటర్ల చదరము. రెండు వరుసలును వీపు వీపు ఆనించినట్లుండుటచే, ఒక వరుసకు వీధి దక్షిణమున నుండును, రెండవ వరుసకు ఉత్తరమున నుండును. ఈ స్థితిలో మన మేస్త్రీయైనచో ఒక ఇంటి నమూనాను త్రిప్పి రెండవ వరుసకు వేసియుండును. ఒలింథసువారు అట్లు చేయలేదు. వీధి ఎటున్నను ముంగిలి దక్షిణమువైపుననే యుండవలెను. ఉత్తరమున వీధిగల ఇంటివారు తలుపు తెరచి, నడవ వెంట ఇంటిని దాటి, ఆవలనున్న దక్షిణపు ముంగిలి చేరుకొనుచుండిరి. ముంగిలికి ఉత్తరమున పొడవైన వసారా, వసారా వెనుక నివాసపు గదులు. రాతి పునాదులపై పచ్చి ఇటుక గోడలు, పైన పెంకుటి కప్పు. ధనికునికిని సామాన్యునికిని ఇదే క్రమము. ఎండలో అందరికిని ఇంచుమించు సమానమైన వాటా లభించెను.

ఈ క్రమమునకు కారణమును సోక్రటీసు చెప్పినట్లు ఆయన శిష్యుడు జెనొఫోను వ్రాసియుంచెను. దక్షిణముఖపు ఇంటిలో శీతకాలపు ఎండ వసారాలోనికి దూరును. వేసవిలో సూర్యుడు నడినెత్తికి వచ్చును గనుక కప్పు నీడనిచ్చును. కావున దక్షిణపు భాగమును ఎత్తుగాను, చలిగాలులు వీచు ఉత్తరపు భాగమును తగ్గుగాను కట్టవలెనని ఆయన వాదన.

దీనిని తరగతిలో లెక్కవేసి చూడవచ్చును. మధ్యాహ్న సూర్యుని ఎత్తు కావలెనన్న 90 నుండి ఆ ఊరి అక్షాంశమును తీసివేసి, జూను 21 నాటికి 23½ డిగ్రీలు కలుపవలెను, డిసెంబరు 22 నాటికి అంతే తగ్గింపవలెను. ఒలింథసు అక్షాంశము 40 డిగ్రీలకు కొంచె మెక్కువ. అనగా వేసవిలో సూర్యుడు 73 డిగ్రీల ఎత్తున, శీతకాలములో 26 డిగ్రీల ఎత్తున ఉండును. దక్షిణపు గోడకు ఒక మీటరు చూరు దించినచో వేసవి మధ్యాహ్నమున చూరునుండి మూడు మీటర్లకు పైగా గోడ నీడలో నుండును. అదే చూరు శీతకాలములో అర మీటరు గోడనే కప్పగలదు. మూడు మీటర్ల ఎత్తుగల వసారాలో ఆనాటి ఎండ ఆరు మీటర్ల లోతునకు పోవును. ఋతువు ననుసరించి చూరు కదలనక్కరలేదు, సూర్యుడే కదలును.

ఇంత శ్రద్ధ వేడుకకు కాదు. ఆనాటి గ్రీకుల ఇండ్లలో చలికి ఆధారము బొగ్గు కుంపటి. బొగ్గుకు అడవి కావలెను. ఒకప్పుడు అడవులతో నిండిన అట్టికా కొండలు తన కాలమునకు తేనెటీగల మేతకు తప్ప పనికిరాకుండ పోయినవని ప్లేటో ‘క్రిటియసు’లో వాపోయెను. కట్టె దూరమైనకొలది సూర్యుడు దగ్గరయ్యెను.

రోమనులు ఈ విద్యను గ్రీకులనుండి గ్రహించిరి. శీతకాలపు భోజనశాల, స్నానశాల నైరృతిని చూడవలెనని విట్రూవియసు వ్రాసెను. చలిదేశపు ఇల్లు వేడిదిక్కునకును, వేడిదేశపు ఇల్లు ఉత్తరమునకును తెరచుకొనవలెనని గూడ ఆయనయే చెప్పెను. రోమనులు చేర్చిన క్రొత్త వస్తువు కిటికీ అద్దము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఇది వాడుకలోనికి వచ్చెను. గ్రీకుల వసారాలోనికి ఎండతోపాటు చలిగాలియు వచ్చుచుండెను. అద్దము ఎండను రానిచ్చి గాలిని ఆపెను. ఎండగదికి ఎంత విలువ కట్టిరనగా, పొరుగువాడు చెట్టు నాటి దానికి ఎండ రాకుండ చేసినచో అది హక్కుకు భంగమని ఉల్పియను అను న్యాయవేత్త తీర్పు వ్రాసెను. తరువాత జస్టీనియను ధర్మశాస్త్రములో ఆ తీర్పు చేరినది. నగరములలో మేడమీద మేడ లేచుచున్న నేటికిని ఆ తగవు తీరలేదు.

అద్దము వెనుక వేడి ఎంతవరకు పెరుగునో కొలిచినవాడు జెనీవాకు చెందిన సొస్యూరు. 1767లో ఆయన అద్దపు పెట్టెలను ఒకదానిలో నొకటి ఐదింటిని అమర్చి, నల్లని బల్లపై ఎండలో నుంచెను. అన్నిటికంటె లోపలి పెట్టెలో వేడి 87 డిగ్రీల సెంటీగ్రేడు దాటెను. వెలుగు అద్దమును దాటి లోనికి పోయి నల్లని నేలను వేడిచేయును. ఆ నేల తిరిగి వెలువరించు వేడికిరణములను అద్దము నేరుగా బయటికి పోనీయదు. వేడెక్కిన గాలియు తప్పించుకొనలేదు. తరువాత ఆయన చెక్కపెట్టె నొకదానిని ఆల్ప్స్ కొండపైకి మోసికొనిపోయి చూడగా, బయటి గాలి మైదానముకంటె ఎంతో చల్లగా నున్నను, పెట్టె లోపలి వేడి ఇంచుమించు మైదానములో నున్నంతయే యుండెను. ఇది గుర్తుంచుకొనదగిన ఫలితము. గాలి చల్లనైనంత మాత్రమున ఎండ బలహీనము కాదు.

1881లో అమెరికాలోని సేలము పట్టణవాసి ఎడ్వర్డ్ మోర్స్ ఇంకొక మెట్టు ఎక్కెను. ఆయన జంతుశాస్త్రజ్ఞుడు, జపానులో బోధించి వచ్చినవాడు. ఎండ తగిలిన నల్లని తెర వెనుకనుండి వెచ్చని గాలి పైకి పోవుట చూచి ఆయనకు ఊహ తట్టినదని చెప్పుదురు. దక్షిణపు గోడకు నల్లని పలకరాతిని తొడిగి, దానిముందు అద్దము బిగించి, క్రిందను మీదను రంధ్రములు విడిచెను. చల్లని గాలి క్రిందినుండి దూరి, రాతికి అద్దమునకు నడుమ వేడెక్కి, పై రంధ్రముద్వారా గదిలోనికి వచ్చును. ఆ ఏడే పేటెంటు లభించినది. కాని బొగ్గు చవుకగా దొరకు దేశమున దాని నడుగువారెవ్వరు?

1933లో చికాగో ప్రదర్శనమునకై జార్జి ఫ్రెడ్ కెక్ అను వాస్తుశిల్పి పన్నెండు ముఖముల గాజు ఇల్లొకటి కట్టెను. కొలిమి ఇంకను అమర్చని ఇంటిలో, చలిరోజున, పనివారు చొక్కాలతోనే తిరుగుచుండుట చూచి ఆయన ఆశ్చర్యపడెనట. వేసవిలో ఆ ఇల్లు ఉడికిపోవుట వేరు కథ. గాజు ఎంత యుండవలెనో, ఎటు ఉండవలెనో తెలిసికొని, 1940లో చికాగో సమీపమున గ్లెన్‌వ్యూలో దక్షిణమునకు గాజు, పైన చూరు గల ఇంటిని కట్టగా, పత్రికలు దానికి ‘సోలార్ హౌస్’ అని పేరుపెట్టినవి. సోక్రటీసు చూరు మరల కనుగొనబడినది. అయినను ఒక లోపము మిగిలెను. పగలు ఎండను రానిచ్చు గాజే రాత్రి ఇంటి వేడిని బయటికి వెళ్లగొట్టును. ఇటుక గోడతో పోల్చినచో ఒంటి అద్దము చలిని ఏమంత ఆపలేదు. పట్టుట సులభము, నిలుపుట కష్టము.

నిలుపుట కొరకు చేసిన ప్రయత్నములలో 1948 నాటి డోవరు ఇల్లు ప్రసిద్ధము. మేరియా టెల్కెస్ అను శాస్త్రజ్ఞురాలు గ్లాబరు లవణమును పీపాలలో నింపి అందు వేడిని దాచెను. ఆ లవణము 32 డిగ్రీల వద్ద కరగుచు వేడిని త్రాగును, గట్టిపడుచు దానిని విడుచును. కొన్ని శీతకాలములకే లవణము పొరలు పొరలుగా విడిపోయి పని మానినది. పంకాలు కూడ కావలసి వచ్చుటచే అది మన కథకు దూరపు చుట్టమే.

ఉపాధ్యాయులకు నచ్చు ఉదాహరణము ఇంగ్లండులో నున్నది. లివర్‌పూలుకు ఎదుటనున్న వాలసీ పట్టణమున 1961లో ఎమ్‌స్లీ మోర్గన్ ఒక పాఠశాల భవనమును నిర్మించెను. డిసెంబరులో అచ్చట మధ్యాహ్న సూర్యుడు 13 డిగ్రీల ఎత్తుననే యుండును, మబ్బు సరేసరి. మోర్గన్ దక్షిణపు గోడ నంతటిని రెండు వరుసల గాజుతో కట్టి, మిగిలిన గోడలను, కప్పును బరువైన కాంక్రీటు, ఇటుకలతో కట్టి, వాటి వెలుపల చలిని ఆపు పొర తొడిగెను. ఎండ, దీపములు, పిల్లల శరీరములు, ఇవియే కొలుములు. కూర్చున్న మనిషి ఒక్కొక్కరు ఇంచుమించు 100 వాట్ల వేడి నిచ్చును. నలుబదిమంది తరగతి నాలుగు కిలోవాట్ల పొయ్యి! ముందుజాగ్రత్తకై అమర్చిన హీటర్లతో పని ఇంచుమించు పడలేదు. అయితే వేడి పోకుండుటకై కిటికీలు మూసియుంచుటచే గది గాలి బరువెక్కెడిది.

1967లో ఫ్రాన్సులోని ఓదెయ్యో గ్రామమున ఫెలిక్సు ట్రాంబు, జాక్ మిషెల్ కలసి కట్టిన ఇండ్లలో మోర్స్ గోడయే తిరిగి వచ్చెను. ఈసారి పలకరాతికి మారుగా సుమారు 60 సెంటీమీటర్ల కాంక్రీటు. వేడి అంత మందమును దాటుటకు గంటలు పట్టును గనుక పగటి ఎండ రాత్రి గదిలోనికి చేరును. లోకము దీనిని ట్రాంబు గోడ యని పిలుచుచున్నది; సేలము పండితుని తలచువారు అరుదు.

1973లో చమురు ధర ఒక్కసారిగా పెరుగగానే ఈ ఇండ్లన్నియు జ్ఞప్తికి వచ్చెను. దక్షిణముఖపు గాజుకంటె, ఇంటికి మందమైన దుప్పటి కప్పి గాలి చొరు సందులను మూయుటయే ముఖ్యమని ఆ తరువాతి ప్రయోగములు తెలిపినవి. జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరమున 1991లో నాలుగు కుటుంబములు చేరిన ఇండ్లవరుస దీనికి పరాకాష్ఠ. వూల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ రూపొందించిన ఆ పద్ధతిలో ఇంటిని వెచ్చగా నుంచుటకు చదరపు మీటరుకు ఏడాదికి 15 యూనిట్లకు మించి ఖర్చు కారాదు. వాలసీ పాఠశాలలోని గాలి చిక్కును గూడ అచ్చట విప్పిరి. బయటికి పోవు వెచ్చని గాలి, లోనికి వచ్చు చల్లని గాలిని దారిలో వేడిచేయును. దీనికి ఒక చిన్న పంకా తప్పలేదు.

తెలుగునాట సమస్య తలక్రిందులు. హైదరాబాదులో డిసెంబరు సూర్యుడే 49 డిగ్రీల ఎత్తున నుండును. జూనులో నడినెత్తిని దాటి కొంచెము ఉత్తరమునకు ఒరుగును. దక్షిణపు గోడను చూరు కాపాడగలదు. బాధించునవి కప్పు, మరియు ప్రొద్దువాలిన ఎండ సూటిగా తగులు పడమటి గోడ. చుట్టు వసారాలు, వాలు పెంకుటి కప్పు, నడుమ మండువా గల కోస్తా లోగిలి ఈ శత్రువు నెరిగి కట్టినదే.

సొస్యూరు పెట్టె ఫలితమునకు మన దేశమున తగిన చోటు లడఖు. లేహ్ 3,500 మీటర్ల ఎత్తున నున్నది. శీతకాలపు రాత్రి వేడి సున్నకు 20 డిగ్రీల దిగువకు పోవచ్చును. పగటి ఆకాశము మాత్రము నిర్మలము. కట్టె లేదు, పిడకలు, కిరసనాయిలే ఆధారముగా నుండెను. 1988లో స్థాపితమైన ‘సెక్‌మాల్’ అను విద్యాసంస్థ, పదవ తరగతి తప్పిన పిల్లల కొరకు సింధునది ఒడ్డున ఫే గ్రామము వద్ద తన ఆవరణమును నిర్మించుకొనెను. దిమ్మిసతో కొట్టిన మందపు మట్టిగోడలు. దక్షిణమునకు పెద్ద కిటికీలు. శీతకాలములో ఆ ముఖమునకు ఆనించి ప్లాస్టికు తెరను కట్టుదురు. గోడకు తెరకు నడుమ గాలి వేడెక్కి గదులలోనికి పోవును. వేసవి రాగానే తెరను విప్పివేయుదురు. ఆ ఆవరణపు పనులలో అధికభాగము చూచుకొనునది విద్యార్థులే.