కుప్పం లైనుకు కొలత

ఇంటర్నెట్ ఇంకా పెద్ద ఊళ్ల వ్యవహారంగా ఉన్న 2002లో, హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ పథకం మొదలుపెట్టింది. కర్ణాటక, తమిళనాడు సరిహద్దులను ఆనుకున్న ఐదు మండలాలు, మూడు లక్షల పైచిలుకు జనం. ఊళ్లలో సమాచార కేంద్రాలు వెలిశాయి. పొదుపు సంఘాల మహిళలు కొందరు డిజిటల్ కెమెరా పట్టుకుని, సౌరశక్తితో నడిచే ప్రింటరు మీద అక్కడికక్కడే ఫొటోలు వేసిచ్చి సంపాదించుకున్నారు. అది చిన్న సంగతి కాదు.

కంప్యూటరు ఊరికొచ్చింది సరే, లైను సంగతేమిటి?

1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్‌ను జనానికి అందించినప్పుడు మామూలు డయలప్ వేగం సెకనుకు 9.6 కిలోబిట్లు. తర్వాతి మోడెములు ఎంత బాగా పనిచేసినా 56 దాటలేదు. ఒక మెగాబైటు ఫొటో దిగడానికి లెక్క ప్రకారమే రెండున్నర నిమిషాలు. తెర మీద ముందు నుదురు, తర్వాత కళ్లు, చాలాసేపటికి గడ్డం. మదనపల్లె, పుంగనూరు లాంటి పట్నాల్లో అప్పట్లో స్పీడు కొలిచింది కళ్లే. మధ్యలో ఇంట్లో ఎవరైనా ఫోనెత్తితే లైన్ కట్.

2004 బ్రాడ్‌బ్యాండ్ విధానం కనీస వేగం 256 కిలోబిట్లుగా తేల్చింది. మరుసటి ఏడాది బీఎస్ఎన్ఎల్ వారి బ్రాడ్‌బ్యాండ్ సేవ డేటావన్ వచ్చింది. అప్పుడే కొత్త తగాదా మొదలైంది: 256 అన్నారు, డౌన్‌లోడ్ 30 దగ్గరే ఆగుతోందేం? మోసం కాదు. కంపెనీ చెప్పేది బిట్లలో, కంప్యూటరు చూపేది బైట్లలో. ఎనిమిది బిట్లు ఒక బైటు. అయితే ఎక్స్ఛేంజీకి దూరమయ్యేకొద్దీ రాగి తీగలో వేగం పడిపోవడం మాత్రం నిజమే. పల్లెలు నష్టపోయింది అక్కడే.

కనీస వేగం 2013లో 512 కిలోబిట్లకు, 2023లో 2 మెగాబిట్లకు పెరిగింది. ఈలోగా 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా తీగలు, అప్పట్లో నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్లు.

కొలిచే పరికరం కూడా జనం చేతికొచ్చింది. 2016లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ మైస్పీడ్ యాప్ తెచ్చింది. ఫోనులో కొలిచిన వేగం నేరుగా నియంత్రణ సంస్థకే చేరుతుంది. నెట్ స్లో అని విసుక్కునేవారు పొద్దున ఒకసారి, రాత్రి రద్దీలో ఒకసారి పరీక్షించి, ఆ అంకెలు రాసిపెట్టుకుని ఫిర్యాదు చేయండి.