గేరు రాడ్ ఎందుకు పొడుగైంది, ఎంత పొట్టి కావాలి

పామూరు వైపు తిరిగే లోడు బండిలో స్టీరింగ్ తర్వాత ఎక్కువ పని గేరు రాడ్‌కే. బత్తాయి ఎత్తినా, పొగాకు బేళ్లు ఎత్తినా, దారిలో గొర్రెల మందలు, ఊరూరా స్పీడు బ్రేకర్లు, వాగుల దగ్గర దిగుడు తప్పవు. పాత పికప్‌లో రాడ్ చేంతాడంత దూరం కదులుతుంటే సాయంత్రానికి డ్రైవరు ఎడమ భుజం లాగేస్తుంది. తక్కువ కదలికతో గేరు పడేలా షార్ట్ షిఫ్టర్ బిగించుకోవాలన్న ఆలోచన అక్కడే పుడుతుంది. అయితే ఆ పొడుగు రాడ్ ఊరికే రాలేదు.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో పనార్ లెవాసర్ కార్లు తెచ్చిన పద్ధతిలో పళ్లచక్రాలనే షాఫ్టు మీద పక్కకు జరిపి కలిపేవారు. వేగాలు కలవకపోతే గేర్లు అరిచేవి. అందుకే డబుల్ క్లచ్ వచ్చింది. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి వదలడం, కింది గేరుకు దిగాలంటే కాస్త రేజ్ చేయడం, మళ్లీ తొక్కి గేరు వేయడం. ఆ మొండి గేర్లను కదిలించడానికి చేతి బలాన్ని పెంచే మీట కావాలి. పొడుగు రాడ్ ఆ మీటే.

1928లో కాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చాక ఈ కష్టం తగ్గింది. కోను ఆకారపు సింక్రో రింగులు రాపిడితో వేగాలను ముందే సమం చేస్తాయి, ఆ తర్వాతే పళ్లు కలుస్తాయి. ఆ రాపిడికి క్షణమైనా వ్యవధి కావాలి.

మన దేశంలో మహీంద్రా 1947లో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. వాటి మూడు ముందు గేర్లలో ఫస్టుకు సింక్రో లేదు, మామూలుగా బండి ఆగాకే వేయాలి. అంబాసిడర్, ఫియట్ కార్లలో రాడ్ చాలాకాలం స్టీరింగ్ పక్కనే ఉండేది. అదే కాలంలో అమెరికాలో వేగప్రియులు పొట్టి కదలికతో గేరు పడే హర్స్ట్ షిఫ్టర్ల మీద మోజుపడ్డారు. 1964 పాంటియాక్ జీటీవో కారుకు కంపెనీయే వాటిని అమర్చింది. పొట్టి కదలిక మోజు బరువు మోసే బండ్లది కాదు, పరుగు పందెం కార్లది.

మన లోడు బండ్ల వరసలో 1988లో టాటా మొబైల్ వచ్చింది. 2000లో వచ్చిన బొలెరో తర్వాత పికప్ రూపంలో పల్లెలకు చేరింది. 2005లో టాటా ఏస్ దిగింది. బోనెట్ ఉన్న పికప్‌లలో సాధారణంగా రాడ్ నేరుగా గేరుబాక్సు మీదే కూర్చుంటుంది. షార్ట్ షిఫ్టర్ బిగింపు తేలికయ్యేది ఇలాంటి బండ్లకే. కేబుళ్లతో నడిచే వాటికి మార్పు వేరేచోట చేయాలి.

లెక్క చూద్దాం. రాడ్ ఒక ఇరుసు బంతి మీద ఊగుతుంది. ఆ బంతికి పైన రాడ్ 30 సెంటీమీటర్లు, కింద 5 ఉందనుకుందాం. గేర్లను కలిపే లోపలి ఫోర్కు ఒక సెంటీమీటరు జరగాలంటే చెయ్యి 6 సెంటీమీటర్లు జరగాలి. కింది భాగాన్ని ఏడున్నరకు పెంచితే చెయ్యి 4 జరిగితే చాలు. దూరం మూడో వంతు తగ్గింది, కానీ చెయ్యి పెట్టాల్సిన బలం ఒకటిన్నర రెట్లయింది. బండి లాగుడు, మైలేజీ మాత్రం మారవు.

చాలా పాత బండ్లలో అసలు రోగం కొలతది కాదు, అరుగుదలది. రబ్బరు తొడుగు ఎత్తి, ప్లేటు విప్పి రాడ్ పైకి లాగితే తెలిసిపోతుంది. రాడ్ కొన మీది ప్లాస్టిక్ బుష్ ఒక పక్క చెక్కుకుపోయి ఉంటుంది, బంతి కూర్చునే గిన్నె వదులై ఉంటుంది. గేరులో ఉన్న రాడ్ కూడా అటూ ఇటూ ఊగేది అందుకే. ఈ ఊగులాటను అలాగే ఉంచి షార్ట్ షిఫ్టర్ పెడితే, థర్డ్ కోసం తోసిన రాడ్ దారితప్పి ఫస్టు వైపు పోవచ్చు. అరిగిన సింక్రో రింగులకు వ్యవధి తగ్గిస్తే గేర్లు మళ్లీ అరుస్తాయి.

కాబట్టి ముందు బుష్, గిన్నె మార్చాలి. గేరాయిల్, క్లచ్ సరిచూడాలి. కొంత దూరం అక్కడే తగ్గుతుంది. ఇంకా కావాలనుకుంటే కొంచెం మాత్రమే తగ్గించాలి. దిగువమెట్ట దాటి నల్లమల ఘాట్‌లో లోడుతో ఎక్కుతున్నప్పుడు థర్డ్ నుంచి సెకండుకు ఒక్కసారికే పడాలి. పడకపోతే బండి ఎత్తులోనే నిలిచిపోతుంది, వెనక లారీ ఉంటుంది. లోడు బండికి మంచి గేరు రాడ్ అంటే పొట్టిది కాదు, వేసిన ప్రతిసారీ నమ్మకంగా గేరులో పడేది.