కౌలు తోటలు

జర్మనీలో రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, ఊరు దగ్గరపడే ప్రతిచోటా పట్టాల పక్కన బుల్లి తోటలు వరసగా కనిపిస్తాయి. ఒక్కోదాంట్లో ఒక చెక్క గుడిసె, రెండు ఆపిల్ చెట్లు, నాలుగు టమాటా మొక్కలు. కొత్తగా వచ్చిన మనవాళ్ళు కొందరు వాటిని పేదల బస్తీలనుకుంటారు. వీటి పేరు క్లైన్‌గార్టెన్, అంటే చిన్న తోట. వాడుకలో ష్రేబర్‌గార్టెన్ అంటారు. అందులో పనిచేసే మనిషికి ఆ నేలలో ఒక్క గజం కూడా సొంతం కాదు. అంతా కౌలే.

కౌలు అన్న మాట మా ఇంట్లో తేలిగ్గా పలికేది కాదు. మా తాత కోనసీమలో కౌలు రైతు. కాగితం లేదు, నోటిమాటే. మక్తా బస్తాలు కొలిచాక వచ్చే ఏడు ఆ చేను ఉంటుందో ఊడుతుందో ఆయనకే తెలిసేది కాదట. అంత కొబ్బరి సీమలో ఉండి కూడా ఆ గట్ల మీద ఆయన ఒక్క కొబ్బరి మొక్క పెట్టలేదు. కాపుకొచ్చేనాటికి ఆ గట్టు ఎవరిదో! అందుకే ఈ తోటల్లో నన్ను మొదట ఆపింది కూరగాయలు కాదు, ముదిరిన ఆపిల్ చెట్లు. కౌలు నేలలో ఇన్ని చెట్లెలా పెట్టారు?

దీనికి జవాబు వెతుకుతూ లైప్‌జిగ్ వెళ్ళాను. అక్కడ ఈ తోటలకో మ్యూజియం ఉంది. తమాషా ఏమిటంటే, ష్రేబర్‌గార్టెన్ పేరులో ఉన్న ష్రేబర్ ఈ తోటలు వేసినవాడే కాదు. డాక్టర్ మోరిట్జ్ ష్రేబర్ లైప్‌జిగ్ వైద్యుడు. పిల్లలు వ్యాయామం చెయ్యాలనీ, నిటారుగా కూర్చోవాలనీ పట్టుదల. వంగకుండా కట్టిపడేసే పరికరాలు కూడా తయారు చేశాడు. (ఆయన కొడుకు రాసుకున్న మతిభ్రమణ జ్ఞాపకాల మీద 1911లో ఫ్రాయిడ్ పెద్ద వ్యాసమే రాశాడు. ఆ కథ ఇక్కడొద్దు.) ష్రేబర్ 1861లో పోయాడు. 1864లో హౌషిల్డ్ అనే బడిపెద్ద, పిల్లల ఆటస్థలం కోసం ఒక సంఘం పెట్టి ఆయన పేరు తగిలించాడు. మరుసటేడు ఆటస్థలం వచ్చింది. ఆ తర్వాత గెసెల్ అనే ఉపాధ్యాయుడు, పిల్లలకి మట్టిపని నేర్పుదామని ఆ స్థలం అంచున చిన్న మళ్ళు వేయించాడు. పిల్లలు పిల్లలే కదా, నాలుగు రోజులకి విసుగొచ్చి వదిలేశారు. కలుపు తీయడానికి వచ్చిన అమ్మానాన్నలు మాత్రం వదల్లేదు. మళ్ళకి కంచెలు వచ్చాయి, కంచెల్లోపల గుడిసెలు వచ్చాయి.

నా లెక్కలో ఇది సగం కథే. అంతకు యాభై ఏళ్ళ ముందే, 1814లో, ఉత్తరాన కాపెల్న్ అనే ఊళ్ళో పేదలకి కూరగాయల కోసం నేల ముక్కలు కౌలుకిచ్చారు. ఆకలి నుంచి పుట్టిన తోటలవి. తర్వాత బెర్లిన్‌లో ఫ్యాక్టరీ కూలీలు ఖాళీ స్థలాల్లో పాకలు వేసి బంగాళాదుంప పండించుకున్నారు. దళారులు ఆ నేలని టోకుగా తీసుకుని, ముక్కలు చేసి ఎక్కువ కౌలుకి తిప్పేవాళ్ళు. మొదటి ప్రపంచయుద్ధం కరువు చూపించాక, 1919 జూలై 31న చట్టం వచ్చింది. కౌలుకి హద్దు పెట్టారు, ఇష్టం వచ్చినప్పుడు ఖాళీ చేయించకుండా రక్షణ ఇచ్చారు. చెట్ల రహస్యం ఇక్కడుంది. వెళ్ళగొట్టరన్న నమ్మకం ఉంటే మనిషి పళ్ళమొక్క నాటుతాడు.

ఆ నమ్మకం అందరికీ దక్కలేదు. నాజీల కాలంలో తోట సంఘాల నుంచి యూదుల్ని తరిమేశారు. అయినా అలాంటి తోటలోనే ఒక యూదు కుర్రాడు బతికాడు. హాన్స్ రోజెంతాల్ 1943లో బెర్లిన్ లిష్టెన్‌బర్గ్‌లోని ఒక తోటల కాలనీకి పారిపోయి వచ్చాడు. ఇడా యౌహ్ అనే ఆవిడ తన గుడిసెలో చాటు గది చూపించింది. ఆవిడ చనిపోయాక అదే కాలనీలో మరొకరు దాచారు. అలా యుద్ధం చివరిదాకా గడిచింది. తర్వాత అతను టీవీలో 'డల్లీ డల్లీ' ఆటల కార్యక్రమంతో దేశమంతా తెలిసిన మనిషయ్యాడు.

పరాయిదేశం మనిషి తోట అంటే నాకు గుర్తొచ్చేది ఒస్మాన్ కలిన్. తుర్కియే నుంచి వచ్చినవాడు. బెర్లిన్ గోడ కట్టినప్పుడు క్రొయిట్స్‌బర్గ్ దగ్గర సరిహద్దు వంకర తిరిగి ఉంటే, గోడని మాత్రం తిన్నగా లాగేశారు. దాంతో తూర్పు జర్మనీకి చెందిన ముక్కోణపు ముక్క ఒకటి గోడకి పడమటి పక్కన మిగిలిపోయింది. పశ్చిమ బెర్లిన్ పోలీసులకి దాని మీద అధికారం లేదు, తూర్పువాళ్ళకి అవసరం లేదు. చెత్తకుప్ప అయింది. 1980ల మొదట్లో కలిన్ ఆ చెత్త ఎత్తి ఉల్లి, వెల్లుల్లి వేశాడు. తూర్పు సైనికులు వచ్చి ఆరా తీశారు, చివరికి ఊరుకున్నారు. పాత తలుపులూ, చెక్కలూ ఏరుకొచ్చి రెండంతస్తుల గుడిసె కూడా కట్టాడు. 1989లో గోడ పోయింది, తూర్పు జర్మనీయే పోయింది, ఉల్లిమడి పోలేదు. కలిన్ 2018లో కన్నుమూశాడు. ఏ కాగితమూ లేకుండా రెండు ప్రభుత్వాల మధ్య వ్యవసాయం చేసిన మనిషి. మా తాతకి చెబితే నమ్మేవాడు కాదు.

గోటింగెన్‌లో బోస్నియా యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్ళని, మీకిక్కడ ఏం లేక బెంగగా ఉందని అడిగితే, మా తోటలన్నారట. అక్కడ 1996లో వలసవచ్చినవాళ్ళ కోసం తోట మొదలైంది. అలాంటివి ఇప్పుడు చాలా ఊళ్ళలో ఉన్నాయి.

నేటి చట్టం 1983 నాటిది. తోట 400 చదరపు మీటర్లు, గుడిసె 24 మించకూడదు. అందులో కాపురం పెట్టకూడదు. తోట వదిలి వెళ్ళేటప్పుడు సంఘం వాళ్ళు వచ్చి చెట్లకీ గుడిసెకీ వెల కడతారు, కొత్తగా వచ్చేవాళ్ళు అది చెల్లిస్తారు. నేలకి వెల లేదు. ప్లాట్లూ రిజిస్ట్రేషన్లూ మాట్లాడే మనవాళ్ళకి ఇది చెప్పి ఒప్పించడం కష్టం. మా నాన్న ఫోన్లో, "ఎన్ని సెంట్లురా? కాగితం నీ పేరునేనా?" అన్నారు. నా పేరునే నాన్నా, కానీ నేల నాది కాదు అంటే, "మరి చెట్టు?" అన్నారు. చెట్టు నాదే.

రెండేళ్ళ క్రితం వెయిటింగ్ లిస్టులో నా వంతు వచ్చింది. ఇక్కడ మే 11 నుంచి 15 దాకా 'మంచు ఋషుల' రోజులంటారు, మన కార్తెల్లాగే. అవి దాటేదాకా లేత మొక్కలు బయట పెట్టకూడదని పక్క తోట పెద్దావిడ హెచ్చరించింది. నిజంగానే ఆ వారం ఒకసారి మంచు పేరుకుంది. అందుకని గోంగూర మా కిటికీ గట్టు మీద మొలకెత్తి, మనకి రోహిణి కార్తె వచ్చే వేళకి మడిలోకి దిగుతుంది. ఇక్కడి వేసవి పగళ్ళు పొడుగు కాబట్టి పూత జోలికి పోకుండా ఆకు మీద ఆకు వేస్తుంది. తోటలో మూడో వంతు పళ్ళూ కూరగాయలూ ఉండాలని 2004లో అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. తనిఖీకి వచ్చిన సంఘం మనిషి ఆ ఎర్ర కాడల్ని చూసి, ఇది పూలమొక్కా కూరగాయా అని అడిగాడు. తిని చూడమన్నాను. మొహం పుల్లగా పెట్టి, కూరగాయల వరసలో రాసుకున్నాడు.